సహచరుడి మోసం, డైరెక్టరు మౌనం: సత్యం వ్యవహారంపై ఒక కేస్ స్టడీ

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఛైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖ అనగానే అందరికీ గుర్తుకొచ్చేవి అంకెలే. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవనీ, 376 కోట్ల వడ్డీ రాకుండానే వచ్చినట్టు రాశారనీ, 1,230 కోట్ల అప్పు పుస్తకాలకు ఎక్కలేదనీ, రావలసిన బాకీలను 490 కోట్ల మేర పెంచి చూపారనీ ఆయన ఒప్పుకున్నారు. ఈ నాలుగూ కలిపితే 7,136 కోట్లు. బోర్డులకు సలహా చెప్పే కంపెనీ సెక్రటరీ వృత్తిలో ఉన్న నాకు మాత్రం అదే లేఖలో కాస్త కిందుగా ఉన్న ఇంకో మాట ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. అప్పటి బోర్డు సభ్యులకు గానీ, అంతకుముందు పనిచేసిన సభ్యులకు గానీ కంపెనీ అసలు పరిస్థితి తెలియదని ఆయన అందులో రాశారు.

ఆ మాట నిజమా కాదా అన్న తీర్పు నా పని కాదు; ఛైర్మన్‌నూ, మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న ఆయన తమ్ముడినీ మినహాయిస్తే, ఆ సభ్యుల్లో ఎవరికైనా తెలుసునని ఏ కోర్టూ తేల్చలేదు. నా ప్రశ్న వేరు. ఏ కంపెనీలోనైనా, బోర్డులో ఒకరు చేస్తున్న మోసం పక్క కుర్చీలోని డైరెక్టరుకు తెలిసి, అందులో చేయి కలపకుండా, చెప్పకుండా, చూసీ చూడనట్టు ఊరుకుంటే, ఆ ఊరుకోవడం అనే ఒక్క కారణం మీద ఆయనను డైరెక్టరు పదవికి అనర్హుడిగా ప్రకటించవచ్చా? సత్యం వ్యవహారం బయటపడిన నాటికి మన చట్టంలో దీనికి సూటి జవాబు లేదు. ఇప్పటికీ సూటి జవాబు లేదనీ, అయితే నాలుగైదు సెక్షన్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే జవాబు దొరుకుతుందనీ నా అభిప్రాయం. ఆ చదువు ఎలా సాగాలో చూపడానికే ఈ కేసును ఎంచుకున్నాను.

జరిగిన క్రమం

1987లో హైదరాబాద్‌లో మొదలైన సత్యం 2001 నాటికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా లిస్టయింది. 2008 డిసెంబర్ 16న బోర్డు సమావేశమై, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ, మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. ఆ రోజు బోర్డులో తొమ్మిది మంది ఉన్నారు. వారిలో ఇద్దరు అన్నదమ్ములు, ఒకరు పూర్తికాలపు డైరెక్టరు; మిగిలినవారు ప్రొఫెసర్లు, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఐటీకి డైరెక్టరుగా చేసినవారు, సెమీకండక్టర్ రంగంలో ప్రపంచానికి తెలిసిన ఇంజినీరు వంటి వారు. ఇంత పేరున్న బోర్డు దేశంలో అరుదు. మదుపరులు తిరగబడడంతో కంపెనీ గంటల వ్యవధిలోనే ఆ కొనుగోలును వెనక్కి తీసుకుంది. పుస్తకాల్లో మాత్రమే ఉండి నిజానికి లేని ఆస్తి స్థానంలో నిజమైన ఆస్తిని తెచ్చి పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమే ఆ కొనుగోలు అని తరువాత లేఖలో రామలింగరాజు స్వయంగా రాశారు.

డిసెంబర్ 18న మారుపేరుతో ఒక ఈమెయిల్ కంపెనీలో ఉద్యోగం చేయని బయటి డైరెక్టర్లలో ఒకరికి చేరింది. కంపెనీ చెప్పుకుంటున్న నగదు దాని దగ్గర లేదన్నది అందులోని సారాంశం. ఆ సమాచారాన్ని ఆయన తోటి డైరెక్టర్లకూ, ఆడిటర్‌కూ చేరవేశారు. డిసెంబర్ 23న ప్రపంచ బ్యాంకు సత్యంతో ఎనిమిదేళ్లపాటు లావాదేవీలను నిషేధించిన సంగతి బయటికొచ్చింది. ఆ నెలాఖరులోగా నలుగురు బయటి డైరెక్టర్లు రాజీనామా చేశారు. వారిలో మొదటగా తప్పుకున్న మంగళం శ్రీనివాసన్ తన లేఖలో, మేటాస్ కొనుగోలుపై సమావేశంలో సందేహాలు వ్యక్తం చేసినా వ్యతిరేకంగా ఓటు వేయలేకపోయినందుకు నైతిక బాధ్యత వహిస్తున్నట్టు తెలిపారు. డిసెంబర్ 29న జరగవలసిన బోర్డు సమావేశం జనవరి 10కి వాయిదా పడింది. ఆ తేదీ రాకముందే ఒప్పుకోలు లేఖ వచ్చింది, ఒక్కరోజులో షేరు ధర 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడిపోయింది.

ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా బోర్డును ఆశ్రయించి జనవరి 9న పాత బోర్డును పక్కన పెట్టించింది. దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లతో మొదలై ఆరుగురితో ఏర్పడిన కొత్త బోర్డు కంపెనీని నిలబెట్టి, ఏప్రిల్ 13న షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా చేతికి అప్పగించింది. క్రిమినల్ కేసులో 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా నిర్ధారించి ఏడేళ్ల చొప్పున జైలు శిక్ష విధించింది. మరుసటి నెలలో అప్పీలు కోర్టు ఆ శిక్షల అమలును నిలిపి బెయిలు ఇచ్చింది.

ఎవరికి తెలుసు, ఎంత తెలుసు

శిక్ష పడిన పదిమందిలో బోర్డు సభ్యులు ఇద్దరే: ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న ఆయన తమ్ముడు. మిగిలినవారు ప్రధాన ఆర్థిక అధికారి, ఇద్దరు ఆడిటర్లు, మరో సోదరుడు, ఫైనాన్స్ విభాగపు ఉద్యోగులు, అంతర్గత ఆడిట్ విభాగాధిపతి. ఈ చివరి పేరు దగ్గర కాసేపు ఆగాలి. దర్యాప్తులో తేలినదాని ప్రకారం మోసం ప్రధానంగా రెండు చోట్ల జరిగింది. ఒకటి, ఇన్వాయిస్‌ల సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేక అధికారమున్న లాగిన్‌తో దొంగ బిల్లులు సృష్టించి, ఆయా వ్యాపార విభాగాల అధిపతుల తెర మీద అవి కనిపించకుండా దాచారు. అలాంటి బిల్లులు 7,500కు పైగా ఉన్నాయని దర్యాప్తు చెప్పింది. రెండు, బ్యాంకులు ఇచ్చినట్టుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులనూ, నిల్వల ధ్రువపత్రాలనూ తయారు చేశారు. బిల్లుల లెక్కల్లో పొంతన లేకపోవడం అంతర్గత ఆడిట్ కంటపడినా ఆ విషయాన్ని చివరిదాకా తీసుకెళ్లలేదన్నది ఆ అధికారిపై వచ్చిన ఆరోపణల్లో ప్రధానమైనది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014 జూలైలో రాజు సోదరులతోపాటు ఆయననూ 14 ఏళ్లు సెక్యూరిటీల మార్కెట్‌కు దూరంగా ఉంచుతూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు తరువాతి అప్పీళ్లలో మార్పులకు లోనయింది.

అంటే ‘తెలిసీ చెప్పలేదు’ అన్న మాటకు ఈ కేసులో అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన వ్యక్తి డైరెక్టరు కాదు, ఒక ఉద్యోగి. ఇది యాదృచ్ఛికం కాదని నేను అనుకుంటాను. ఉద్యోగి కాగితం మీద సంతకం పెడతాడు, తేడా చూసిన తేదీ మిగిలిపోతుంది, ఆయన ఏం చేశాడో ఏం చేయలేదో ఫైలు చెబుతుంది. బోర్డు గదిలో జరిగే సంభాషణకు మినిట్స్ (సమావేశపు లిఖిత నమోదు) తప్ప వేరే ఆనవాలు ఉండదు. ఆ మినిట్స్‌ను ఎవరి మీద సందేహం ఉందో ఆ ఛైర్మనే సంతకం చేసి ఖాయం చేస్తారు. డిసెంబర్ 16 నాటి నిర్ణయాన్ని బోర్డు ఏకగ్రీవంగా తీసుకుందని కంపెనీ లోకానికి ప్రకటించింది. సందేహాలు వ్యక్తమయ్యాయని పది రోజుల తరువాత ఒక రాజీనామా లేఖ చెప్పింది. ‘ఏకగ్రీవం’ అన్న మాట వెనుక ఎంత దాగి ఉండగలదో దీనికి మించిన ఉదాహరణ నా అనుభవంలో లేదు.

ఈమెయిల్ విషయంలో న్యాయంగా ఒకటి చెప్పాలి. దాన్ని అందుకున్న డైరెక్టరు తన దగ్గరే ఉంచుకోలేదు, ఇతరులకు చేరవేశారు. లోపం మనిషిలో కన్నా దారిలో ఉంది. కంపెనీలో ఉన్న దారి తిరిగి తిరిగి ఆడిటర్ దగ్గరికే వెళ్లింది, బ్యాంకు నిల్వలను సరిగా నిర్ధారించుకున్నారా అన్న ప్రశ్న తగలవలసింది కూడా ఆ ఆడిటర్‌కే. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో ఆడిట్ సంస్థతో కుదుర్చుకున్న సెటిల్‌మెంట్‌లో ప్రధాన అభియోగం కూడా ఇదే: బ్యాంకుల నుంచి నేరుగా తెప్పించుకోవలసిన ధ్రువీకరణలను కంపెనీ యాజమాన్యం చేతుల మీదుగా తీసుకున్నారని.

1956 చట్టం ఏం ఇచ్చింది

2009లో అమల్లో ఉన్న 1956 కంపెనీల చట్టంలో డైరెక్టరు విధులను ఒకచోట రాసిన సెక్షనే లేదు. 274వ సెక్షన్ అనర్హతలను లెక్కపెట్టింది గానీ వాటికి శిక్షలు, దివాలా, రిటర్నులు దాఖలు చేయకపోవడం వంటివి ఆధారం, ప్రవర్తన కాదు. ప్రవర్తనను చూసి మనిషిని మేనేజ్‌మెంటు నుంచి దూరం పెట్టే దారులు రెండు ఉండేవి. కంపెనీ నిర్వహణకు సంబంధించిన నేరం రుజువైనా, కంపెనీని మూసివేసే ప్రక్రియలో (లిక్విడేషన్‌లో) మోసమో విధి ఉల్లంఘనో బయటపడినా ఐదేళ్ల దాకా నిషేధించే అధికారాన్ని కోర్టుకు ఇచ్చిన 203వ సెక్షన్ ఒకటి. 1963లో చేర్చిన 388బి రెండోది. మోసం, నమ్మకద్రోహం, బాధ్యతల్లో పదేపదే నిర్లక్ష్యం వంటి కారణాలుంటే కేంద్రం ఆ వ్యక్తిపై కేసు నివేదించవచ్చు, అతడు తగినవాడు కాదని తేలితే ఐదేళ్లు ఏ కంపెనీలోనూ ఆ పదవిలో ఉండకూడదు. సత్యం విషయంలో ప్రభుత్వం వేగంగా కదిలి బోర్డును మొత్తంగా తప్పించింది, అది అవసరం కూడా. అయితే బోర్డును మొత్తంగా తప్పించడం వేరు, ఒక్కొక్క సభ్యుడికి ఏం తెలుసో, ఎప్పుడు తెలుసో, ఎవరికి చెప్పారో విడివిడిగా విచారించి వ్యక్తిగతంగా అర్హత తేల్చడం వేరు. మొదటిది జరిగాక రెండోదాని అవసరం మరుగునపడింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యతను అందరికీ పంచేస్తే, తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య గీత చెరిగిపోతుంది. నిజంగా తెలియనివారికి అది అన్యాయం, తెలిసినవారికి అది ఆశ్రయం.

ఇంగ్లండ్ కోర్టులు నడిచిన దారి

ఈ గీతను ఇంగ్లండ్ కోర్టులు ఎంతో కాలం పట్టి గీశాయి, మన ట్రిబ్యునళ్ల ముందు వాదించేటప్పుడు ఆ తీర్పులు ఉపయోగపడతాయి. 1931 డిసెంబర్‌లో లీవర్ బ్రదర్స్ కేసులో అక్కడి అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్, ఉద్యోగి తన తప్పును తానే యజమానికి చెప్పుకోవలసిన పని లేదని తేల్చింది. 1936లో ఒక మాంసం వ్యాపార కంపెనీ జనరల్ మేనేజర్ కేసు వచ్చింది. మేనేజింగ్ డైరెక్టరు అక్రమాలకు సాక్ష్యం ఇస్తే ఉద్యోగం తీసేయనని ఛైర్మన్ మాటిచ్చాడు, ఇతడు సాక్ష్యం ఇచ్చాడు, అయినా ఉద్యోగం పోయింది. మాట తప్పారని అతడు దావా వేస్తే అప్పీలు కోర్టు కొట్టేసింది: పైవాడి మోసం గురించి చెప్పడం అతడి పదవిలోనే ఇమిడి ఉన్న విధి, అప్పటికే చేయవలసిన పనికి బదులుగా ఇచ్చిన మాట ఒప్పందంగా నిలవదు. తీర్పు ఆ మనిషి పట్ల కఠినమే గానీ అందులోని సూత్రం బలమైనది. 1983లో సైబ్రాన్ కేసు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. తన కింది ఉద్యోగులతో కలిసి కంపెనీకి పోటీ వ్యాపారం నడిపిన ఐరోపా ప్రాంత అధికారి, వారి గురించి చెబితే తన గుట్టూ బయటపడుతుందన్నా సరే, వారి గురించి చెప్పవలసిందేనని కోర్టు అంది. 2004లో ఐటమ్ సాఫ్ట్‌వేర్ కేసులో జడ్జి ఆర్డెన్, డైరెక్టరుకు విధేయత అనే విధి ఉంది గనక, సందర్భాన్ని బట్టి తన తప్పునైనా కంపెనీకి చెప్పవలసి వస్తుందని తీర్పు రాశారు.

వీటన్నిటికన్నా మన ప్రశ్నకు దగ్గరిది 2009 నాటి లెక్సీ హోల్డింగ్స్ తీర్పు. మేనేజింగ్ డైరెక్టరు కంపెనీ సొమ్మును కోట్ల పౌండ్ల లెక్కన దారి మళ్లించాడు. బోర్డులో ఉన్న అతడి అక్కచెల్లెళ్లు ఆ పనిలో పాలుపంచుకోలేదు, కానీ అతడికి గతంలో మోసం కేసుల్లో శిక్ష పడిన సంగతి వారికి తెలుసు. ఆ సంగతిని తోటి డైరెక్టరుకూ ఆడిటర్లకూ చెప్పకపోవడం, ఖాతాల్లో అనుమానాస్పదమైన పద్దు కనిపిస్తున్నా అడగకపోవడం విధి ఉల్లంఘన అనీ, చెప్పి ఉంటే నష్టం ఆగేదనీ అప్పీలు కోర్టు తేల్చి వారిపై నష్టపరిహారం మోపింది. అది అనర్హత కేసు కాదు, డబ్బు కేసు. ఐనా కుటుంబ కంపెనీలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో, పెద్దన్నయ్య సంతకం పెట్టమన్న చోట పెట్టే డైరెక్టర్లకు నేను మొదట చెప్పేది ఈ కేసు గురించే.

ఇక అనర్హత విషయానికొస్తే, అక్కడి 1986 డైరెక్టర్ల అనర్హత చట్టం కింద దివాలా తీసిన కంపెనీ డైరెక్టరు ప్రవర్తన తగనిదని తేలితే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా 15 ఏళ్లు నిషేధం. 1995లో తన ట్రేడరు నిక్ లీసన్ సింగపూర్‌లో చేసిన వ్యాపారంతో 827 మిలియన్ పౌండ్ల నష్టానికి కూలిన బేరింగ్స్ బ్యాంకు కేసులో, అతడి మోసం తెలియని సీనియర్ డైరెక్టర్లపై కూడా ఈ చట్టం కింద నిషేధం పడింది. పనిని ఇంకొకరికి అప్పగించినంత మాత్రాన పర్యవేక్షణ బాధ్యత పోదని ఆ కోర్టు చెప్పింది. తెలియకపోవడానికే అక్కడ ఆ ఫలితం ఉంటే, తెలిసి చెప్పకపోవడాన్ని ఎలా చూస్తారో ఊహించడం కష్టం కాదు.

2013 చట్టం: ఆదేశం ఎవరికి ఉంది, ఎవరికి లేదు

సత్యం గాయం మానకముందే రాసిన 2013 కంపెనీల చట్టంలో ఆ గాయం ఆనవాళ్లు ప్రతి అధ్యాయంలోనూ కనిపిస్తాయి. 143(12) ప్రకారం, కంపెనీ అధికారులో ఉద్యోగులో మోసం చేస్తున్నారని నమ్మడానికి కారణం కనిపిస్తే ఆడిటర్ నివేదించి తీరాలి. మొత్తం కోటి రూపాయలు, ఆపైన ఉంటే రెండు రోజుల్లో బోర్డుకో ఆడిట్ కమిటీకో రాసి, 45 రోజుల్లోగా జవాబు కోరి, ఆపైన 15 రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి పంపాలి. ఇదే విధి కాస్ట్ ఆడిటర్‌కూ, సెక్రటేరియల్ ఆడిట్ (కంపెనీ చట్టాలను పాటిస్తోందా అన్న తనిఖీ) చేసే నాలాంటి వాళ్లకూ ఉంది. స్వతంత్ర డైరెక్టరుకు, అంటే యాజమాన్యంతో ఆర్థిక సంబంధం లేని బయటి సభ్యుడికి, చట్టంలోని నాలుగో షెడ్యూలు, అనైతిక ప్రవర్తనను, జరిగిన లేదా అనుమానించిన మోసాన్ని తెలియజేయమని చెబుతోంది. కానీ మోసం అందరికన్నా ముందు తెలిసే అవకాశం ఎవరికి ఉంది? రోజూ ఆఫీసుకు వచ్చే పూర్తికాలపు డైరెక్టరుకు. ఆయనకు అలా సూటిగా ‘చెప్పు’ అని ఆదేశించే సెక్షన్ లేదు. ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేవారికి ఆదేశం ఇచ్చి, ప్రతిరోజూ అక్కడ ఉండేవారిని వదిలేయడం ఈ చట్టంలో నాకు కనిపించే పెద్ద లోపం.

ఆ లోపాన్ని ఇతర సెక్షన్లతో పూడ్చవచ్చు. 166వ సెక్షన్ ప్రతి డైరెక్టరునూ సద్బుద్ధితో, కంపెనీ మేలు కోసం, తగిన శ్రద్ధతో పనిచేయమంటుంది. మోసాన్ని దాచడం కంపెనీ మేలు ఎలా అవుతుంది? దీనికి విధించే జరిమానా లక్ష నుంచి ఐదు లక్షలు మాత్రమే కనుక ఒంటరిగా ఇది చాలదు. అసలు బలం 134(5)లో ఉంది. ప్రతి ఏడాదీ బోర్డు నివేదికలో డైరెక్టర్లు, మోసాలను అరికట్టడానికీ పసిగట్టడానికీ తగినంత జాగ్రత్త తీసుకున్నామని ప్రకటిస్తారు. పక్కవాడి మోసం తెలిసి కూడా ఆ నివేదికను ఆమోదించిన డైరెక్టరు ఆ క్షణం నుంచి మౌనంగా ఉన్నవాడు కాదు, అబద్ధపు ప్రకటన చేసినవాడు. 448వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైనదని తెలిసీ ఒక విషయాన్ని నివేదికలో వదిలేయడం కూడా 447 కింద శిక్షార్హం. 447 కింద పది లక్షలు, లేదా టర్నోవరులో ఒక శాతం, ఈ రెండింటిలో తక్కువదాన్ని దాటిన మోసానికి కనీస శిక్ష ఆరు నెలలు. ప్రజాప్రయోజనం ఇమిడి ఉంటే మూడేళ్లు. ఇప్పుడు 164(1)(డి) చూడండి: ఆరు నెలలు, అంతకు మించి జైలు శిక్ష పడితే శిక్ష ముగిశాక ఐదేళ్ల దాకా డైరెక్టరుగా అనర్హుడు, ఏడేళ్లు అంతకు మించితే ఇక ఎప్పటికీ అనర్హుడే. రెండు చోట్లా ఉన్న ఆ ఆరు నెలలు ఒకదానితో ఒకటి అతికినట్టు సరిపోవడాన్ని చాలామంది డైరెక్టర్లు గమనించరు. సహచరుడి గురించి చెప్పని పాపం వార్షిక నివేదిక గుండా ప్రయాణించి అనర్హత దాకా చేరే దారి ఇదే.

మౌనం అర్ధాంగీకారం అని లోకం అంటుంది గానీ క్రిమినల్ కోర్టు అనదు, తెలుసునని రుజువు కావాలి. అది దొరకని సందర్భాలకు 241(3) ఉంది. 1956 చట్టంలోని 388బి ఇచ్చిన అధికారం 2013 చట్టం రాసినప్పుడు జారిపోయింది. 2019 సవరణ దాన్ని తిరిగి తెచ్చింది. మోసం, విధుల్లో పదేపదే నిర్లక్ష్యం, నమ్మకద్రోహం వంటివి కనిపిస్తే కేంద్రం ఆ వ్యక్తి కేసును జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు నివేదించవచ్చు. అతడు డైరెక్టరు పదవికి తగినవాడా కాదా అని ట్రిబ్యునల్ 242(4ఎ) కింద తన నిర్ణయం నమోదు చేయాలి. తగడని తేలితే 243(1ఎ) కింద ఐదేళ్లు ఏ కంపెనీలోనూ ఆ పదవి ఉండదు, పదవి పోయినందుకు పరిహారమూ రాదు. శిక్షతో నిమిత్తం లేకుండా ప్రవర్తనను చూసే సెక్షన్ ఇది. తెలిసీ చెప్పని డైరెక్టరు మీద వాడదగిన సరైన సాధనం ఇదేనని నా నమ్మకం, ఇంగ్లండ్ తీర్పులు పనికొచ్చే చోటు కూడా ఇదే. ‘నమ్మకద్రోహం’ అన్న మాటలోకి మౌనాన్ని తీసుకురావడానికి లెక్సీ, సైబ్రాన్ తీర్పులలోని తర్కం అవసరమవుతుంది.

స్వతంత్ర డైరెక్టర్లకు 149(12) రక్షణ ఉంది: బోర్డు ప్రక్రియల ద్వారా వారికి తెలిసి, వారి సమ్మతితోనో ప్రమేయంతోనో జరిగిన వాటికీ, వారు శ్రద్ధగా వ్యవహరించని వాటికీ మాత్రమే వారు బాధ్యులు. 2020 మార్చిలో కంపెనీ వ్యవహారాల శాఖ సర్క్యులర్ కూడా, ఆధారం లేకుండా వారి మీద కేసులు పెట్టవద్దని కంపెనీల రిజిస్ట్రార్లకు చెప్పింది. ఇది న్యాయమే. సత్యం తరువాత మంచివాళ్లు బోర్డులకు రావడానికి భయపడిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి.

రాజీనామా విషయంలో మాత్రం చట్టం ఒక అడుగు వెనక్కి వేసిందని బాధతో చెప్పాలి. 2013లో రాసినప్పుడు 168వ సెక్షన్, రాజీనామా చేసే డైరెక్టరు కారణాలతో సహా ప్రతిని రిజిస్ట్రారుకు పంపి తీరాలంది. 2017 సవరణ ఆ ‘పంపాలి’ని ‘పంపవచ్చు’గా మార్చింది. లిస్టయిన కంపెనీల్లో స్వతంత్ర డైరెక్టరు వివరమైన కారణాలు ఇచ్చి, వేరే ముఖ్య కారణాలేవీ లేవని ధ్రువీకరించాలని సెబీ నిబంధన ఉంది. ఇతర డైరెక్టర్ల రాజీనామా లేఖలనూ బయటపెట్టాలని 2023లో చేర్చారు. లిస్టు కాని లక్షల కంపెనీల్లో మాత్రం ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటలు చాలు.

ఆ రెండు మాటలు రాసుకొని ఒక పూర్తికాలపు డైరెక్టరు నా దగ్గరికి వచ్చారు. హైదరాబాద్ శివార్లలోని ఒక తయారీ కంపెనీ, లిస్టయినది కాదు. లేని సరఫరాదారు పేరు మీద బిల్లులు పెట్టి మేనేజింగ్ డైరెక్టరు డబ్బు తీస్తున్నాడని ఆయన కనుక్కున్నారు. మొత్తం కోటి దాటింది. ‘సార్, నేను పైసా తినలేదు, గొడవ లేకుండా తప్పుకుంటాను, కాగితాలు చూసి పెట్టండి’ అన్నారు. తప్పుకున్నా పదవీకాలంలో జరిగిన నేరాలకు బాధ్యత పోదని 168(2) చెబుతోందనీ, పైగా నిరుటి బోర్డు నివేదికపై ఆయన ఆమోదం ఉందనీ చూపించాను. అప్పుడు ఆయన ముఖం పాలిపోయింది.

మేము చేసింది ఇది. ముందు రాజీనామా ఆపాం. బోర్డును ఉద్దేశించి లేఖ రాశాం: బిల్లుల నంబర్లు, తేదీలు, మొత్తాలు, తనకు ఎలా తెలిసిందన్నది. ఆ లేఖను తదుపరి సమావేశపు ఎజెండాలో చేర్చమనీ, పూర్తి పాఠాన్ని మినిట్స్‌లో ఎక్కించమనీ కోరాం. అదే రోజు చట్టబద్ధ ఆడిటర్‌కు ప్రతి పంపాం, ఎందుకంటే ఆ క్షణం నుంచి తెలియదనే అవకాశం ఆయనకూ ఉండదు. మినిట్స్ ముసాయిదాలో లేఖ ప్రస్తావన ఒక్క వాక్యానికి కుదించి వస్తే, 30 రోజుల్లో ముగించవలసిన ప్రక్రియలో ఏడు రోజుల్లోపే అభ్యంతరం రాసి పంపాం. ఆడిటర్ తన పరిశీలన చేసుకొని బోర్డుకు రాశారు, గడువు ముగిశాక ప్రభుత్వానికి నివేదిక వెళ్లింది. ఆ తరువాతే రాజీనామా, కారణాలతో సహా, ఐచ్ఛికమే అయినా రాజీనామాను రిజిస్ట్రారుకు తెలిపే డీఐఆర్-11 ఫారం దాఖలు చేసి.

లేఖలో ఆయనను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన వాక్యం మొదటిది: ఈ విషయం తనకు మొదట తెలిసిన తేదీ. అది లేఖ రాసిన నాటికి ఎనిమిది నెలల వెనకటిది. ఆ ఎనిమిది నెలల మౌనానికి తానే సాక్ష్యం రాసిచ్చినట్టవుతుందనీ, ‘ఇటీవల తెలిసింది’ అని రాస్తే సరిపోతుందనీ ఆయన రెండు రోజులు పట్టుబట్టారు. ఆయన భయం అబద్ధం కాదు. సైబ్రాన్ కేసులోని అధికారి ముందున్న ఇరకాటం అదే, సహచరుడి గురించి చెప్పాలంటే తన గురించి కూడా చెప్పవలసి రావడం. అయితే మోసాన్ని బయటపెట్టే కాగితంలోనే ఒక అబద్ధపు తేదీ ఉంటే 241(3) కింద ‘తగినవాడు’ అని ఆయన తరఫున నేను వాదించగలిగేది ఏమీ మిగలదని చెప్పాను. మూడో రోజు ఉదయం ఆయన వచ్చి, అసలు తేదీని తన చేతిరాతతో నింపి, కింద సంతకం పెట్టారు.